బీచ్ గుర్రం దగ్గర కదలకుండా నిలబడే మా మేనకోడలు: తీసుకెళ్ళమంటారా, మాన్పించమంటారా?

ఎంవీపీ అత్త (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇది పిల్లల విభాగంలో అడగాలో, జంతువుల విభాగంలో అడగాలో తెలియక ఇక్కడ పెడుతున్నాను.

మా అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. రాత్రి పూట బండి మీద ఆనందపురం నుంచి వస్తున్నాడు, లారీ. అంతకన్నా రాయలేను. వదినది పరవాడ వైపు షిఫ్టుల ఉద్యోగం. రాత్రి షిఫ్టు పడిన వారాల్లో పాప మా ఇంట్లోనే ఉంటుంది. తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. మా అబ్బాయికన్నా ఏడాది చిన్న.

పాప మాట్లాడడం మానేయలేదు. అడిగితే జవాబు చెబుతుంది. పెడితే తింటుంది, చాలా అంటే చాలంటుంది. హోంవర్కు తనే చేసుకుంటుంది. మా వాడు పెన్సిలు లాక్కుంటే వదిలేసి ఇంకొకటి తీసుకుంటుంది. మొన్న బళ్ళో టీచరు "ఈ ఏడాది ఎంత బుద్ధిమంతురాలైందండీ" అని మెచ్చుకున్నారు. అంతకుముందు ఇదెలాంటి పిల్లో చెప్పాలి కదా: గోరింటాకు తనకే ముందు పెట్టాలని పేచీ పెట్టి, గిన్నె లాగి, అట్లతద్ది నాడు మా హాలు గోడకు ఐదు వేళ్ళూ అచ్చు వేసిన పిల్ల. ఆ అచ్చు ఇంకా ఉంది. సున్నం వేయించడానికి మనసు రావడం లేదు.

నిద్ర మాత్రం లేదు. కళ్ళు మూసుకుని పడుకుంటుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే రెప్పల కింద గుడ్లు కదులుతుంటాయి. "నిద్ర రాలేదామ్మా?" అంటే "వచ్చింది అత్తా" అంటుంది.

ఇక గుర్రం సంగతి. ఆదివారం సాయంత్రాలు విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తున్నాం. జలాంతర్గామి మ్యూజియం దాటి కాళీమాత గుడి వైపు నడుస్తుంటే పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలు ఉంటాయి. అందులో ఒక గోధుమరంగు గుర్రం. దాని దగ్గరికి రాగానే పాప ఆగిపోతుంది. ఎక్కుతావా అంటే తల అడ్డంగా ఊపుతుంది. జూలు కిందికి చెయ్యి పెట్టి, మెడ మీద అరచేయి ఆనించి, అలా నిలబడుతుంది. మొదటి వారం పది నిమిషాలు. నిన్న నలభై. గుర్రం కూడా ఒక్క అడుగు కదలలేదు. గుర్రపు అబ్బాయి మంచివాడు, బేరం లేనప్పుడు ఊరకే నిలబడనిస్తాడు. నేనే మొహమాటపడి యాభై రూపాయలు చేతిలో పెడుతున్నాను.

"ఎంత మంచి గుర్రమో, కదలనైనా కదలదు, రోజూ తీసుకెళ్ళు" అంటారు మావారు. "ఆ దుమ్ములో ఏ జబ్బు అంటుకుంటుందో" అంటారు మా అత్తగారు. నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోనులో వెతికితే, అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో 1995లో ఒక దంపతులు మొదలుపెట్టిన క్రిస్టల్ పీక్స్ యూత్ రాంచ్ అనే చోట, ఎవరికీ పట్టని గుర్రాలను తెచ్చి బాగుచేసి, మనసు దెబ్బతిన్న పిల్లలతో కలుపుతారని చదివాను. ఇందులో నిజం ఎంత? మన బీచ్ గుర్రంతో అలాంటిది అవుతుందా? అసలు పాప అక్కడ ఏం చేస్తోంది?

వాల్తేరు నడక

రోజూ తెల్లవారి బీచ్ రోడ్డులో నడిచేవాడిని, కాబట్టి చూసింది చెబుతాను. ఆ గుర్రాల్లో కొన్నింటికి పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. మధ్యాహ్నం ఇసుక మీద మనం చెప్పులు లేకుండా రెండు నిమిషాలు నిలబడలేం. సాయంత్రం తారు రోడ్డు మీద, కార్ల హారన్ల మధ్య. సెలవు రోజుల్లో ఒకరు దిగితే ఒకరు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది 1960లో. అది పుస్తకంలో భద్రంగా ఉంది.

మీ పాప బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ గుర్రం బాధ ఎవరికి చెప్పుకోవాలి? ఒకరి గాయానికి ఇంకొకరి గాయం మందా? మీరిచ్చే యాభై రూపాయలు కూడా ఆ వ్యాపారాన్ని నిలబెట్టేవే. మాన్పించండి అని నా మాట.

పాత కాంపౌండరు

అమ్మా, నేను పశువుల ఆసుపత్రుల్లో ముప్ఫై రెండేళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు మేముండేది భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బలకు కాస్త లోపలగా. సరుగుడు చెట్లు, నాలుగు కొబ్బరి చెట్లు, ఒక బావి, రెండు గుర్రాలు. డాక్టరును కాను. రాసేదాన్ని ఆ లెక్కనే చదవండి.

మీ పోస్టులో మీవారు అన్న మాట దగ్గర ఆగిపోయాను. "కదలనైనా కదలదు." మా పనిలో అది మెచ్చుకోలు కాదమ్మా, రోగ లక్షణం.

ఆరోగ్యంగా ఉన్న గుర్రం మీద ఈగ వాలితే, వాలిన ఆ అంగుళం మేరే చర్మం అదురుతుంది. మిగతా ఒళ్ళంతా స్థిరంగానే ఉంటుంది. చెవులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతుంటాయి, ఒకటి మీ వైపు, ఒకటి రోడ్డు వైపు. తోక ఊరుకోదు. అలా కాకుండా ఈగలు కంటి మూలల్లో మూగినా రెప్ప వేయకుండా, కింది పెదవి జారవేసి నిలబడిన గుర్రం ఉందంటే మూడింటిలో ఒకటి. అలసిపోయింది, జబ్బు పడింది, లేదా తను ఏం చేసినా ఏమీ మారదని తెలుసుకుంది. ఈ మూడో రకాన్నే పెళ్ళివాళ్ళు కోరి కోరి అడుగుతారు. బాణసంచా కాల్చినా బెదరదు, బంగారం లాంటి గుర్రం అంటారు. బెదరడం మానేసిందంటే ఎన్నిసార్లు బెదిరి ఉంటుందో ఎవరూ అడగరు.

మీ పాప టీచరు మెచ్చుకోలు కూడా నాకు అలాగే వినిపించింది. తప్పుగా అనుకోకండి.

అందుకని ఆ రెండు ప్రాణులూ ఒకదాన్నొకటి కనిపెట్టాయని నా అనుమానం. మీరు అడిగారు కదా, అక్కడ పాప ఏం చేస్తోందని. గుర్రానికి అదిమిన చోట ఇట్టే తెలుస్తుంది. మనిషి చెయ్యి గట్టిగా పట్టుకుందా, వణుకుతోందా, ఊపిరి బిగబట్టిందా అన్నీ మెడ మీది చర్మానికి అందుతాయి. నీకేమైంది, ఎలా ఉన్నావు, ధైర్యంగా ఉండు అని అది అనదు. ఎనిమిది నెలలుగా పాప చుట్టూ ఉన్న ప్రతివాళ్ళూ అవే అంటున్నారేమో కదా.

నా దగ్గరున్న వాటిలో పెద్దది గౌరి. తెల్ల ఆడగుర్రం. పెళ్ళిళ్ళకు తిరిగేది. ఎడమ కంటికి పొర కమ్మి చూపు పోయాక బేరాలు పోయాయి, పెళ్ళికొడుకు ఒంటికన్ను గుర్రం ఎక్కడం అపశకునమట. యజమాని చెడ్డవాడు కాదు. దాణాకు డబ్బుల్లేని మనిషి. ఒక రాత్రి తెచ్చి నా గేటుకు కట్టి, పొద్దున్న ఫోను చేసి ఏడ్చాడు. వీపు మీద జీను ఒరిపిడికి అరచేతి మందాన పుండు. కుడి ముందు డెక్కలో లాడం సగం ఊడి, మేకు పక్కకు తిరిగి ఉంది. ఆ పుండు ఆరడానికి రెండు నెలలు పట్టింది. రోజూ దాని నోరు తెరిచి పళ్ళు, చిగుళ్ళు చూసేవాణ్ణి. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి "గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నారా?" అనేది. సామెత అక్షరాలా నిజమైన ఇల్లు మాదే.

పుండు కాదు నన్ను వేధించింది. అది పడుకునేది కాదు. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కాళ్ళ కీళ్ళు గడియ వేసినట్టు బిగుసుకుంటాయి, పడిపోదు. కానీ పూర్తి నిద్ర కావాలంటే నేలకు ఒరగాల్సిందే. ఒరగాలంటే ఈ చోట నన్నెవరూ ఏమీ చేయరని దానికి నమ్మకం కుదరాలి. పులి వస్తే పారిపోవడం తప్ప వేరే దారి లేని జాతి కదా, పడుకున్న గుర్రం లేవడానికి పట్టే ఆ కొద్ది క్షణాలే దాని ప్రాణం. రోజూ తెల్లారగానే టార్చి వేసి దాని పక్కలు చూసేవాణ్ణి. మాది ఎర్రమట్టి, అది తెల్ల గుర్రం. పడుకుంటే తెలియకుండా ఉండదు. నెల దాటింది. మల్లెపువ్వులా మచ్చ లేదు.

ఆ రోజుల్లో నాకు తెలిసిన వాళ్ళ పిల్లవాడు ఒకడు ఆదివారాలు వచ్చేవాడు. పదకొండేళ్ళు. ఇంట్లో ఏమైందో రాయను. ఎవరైనా పక్కన చెయ్యి ఎత్తితే, తల గీరుకోవడానికైనా సరే, తల దించుకునేవాడు. గౌరి కూడా అంతే, చెయ్యి ఎత్తితే తల పక్కకు తిప్పేది. వాడికి నేనేమీ చెప్పలేదు. రెండో వారానికల్లా వాడు దాని దగ్గర చేతులు నడుము దాటి పైకి లేపడం మానేశాడు. నీళ్ళ బక్కెట్టు కూడా నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చేవాడు. ఒక ఆదివారం నాకన్నా ముందు పాక దగ్గరికి పోయి పరుగెత్తుకొచ్చాడు. "తాతా, గౌరికి పక్కంతా ఎర్రగా ఉంది, దెబ్బ తగిలిందా?" వెళ్ళి చూస్తే భుజం నుంచి తుంటి దాకా మట్టి. జూలులో రెండు సరుగుడు పుల్లలు. నేను మాలీసు బ్రష్షు తీసుకోబోతే వాడు అడ్డం నిలబడ్డాడు. "దులపొద్దు తాతా" అన్నాడు. ఆ రోజంతా దులపలేదు.

వాడికి నయమైపోయిందని చెప్పడం లేదు. వాడి కష్టాలు వాడికి ఉన్నాయి.

ఇక మీరు చేయగలిగింది. ఎక్కించకండి, ఆమె వద్దంటున్నది సరైన మాటే. పని ఇప్పించండి. గుర్రం దగ్గర మనసుకు పట్టే పనులు చాలా ఉన్నాయి. దవడ ఎముక కింద మూడు వేళ్ళు పెడితే నాడి దొరుకుతుంది. నిమ్మళంగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి ఇరవై ఎనిమిది నుంచి నలభై నాలుగు మధ్య కొట్టుకుంటుంది, మనలో సగం. నిమిషమంతా లెక్కపెట్టాలంటే పిల్లకు తెలియకుండానే తన ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. నుదుటికి ఎదురుగా, తోక వెనక గుర్రానికి కనబడదు, కాబట్టి భుజం వైపు నుంచే వెళ్ళాలి. మా గౌరికి ఎడమ అంతా చీకటే. అటు నుంచి వెళ్ళేవాళ్ళు వస్తున్నామని నోటితో చెబుతూ వెళ్ళాలి, లేకపోతే ఉలిక్కిపడుతుంది. ఎంత మాట్లాడని పిల్లలైనా దాని కోసం గొంతు విప్పక తప్పదు. వాళ్ళ కోసం కాదు, దాని కోసం. అదీ తేడా.

జాగ్రత్తలు: బూట్లు లేకుండా దగ్గరికి పంపకండి. ధనుర్వాతం టీకాలు అన్నీ పడ్డాయో లేదో కార్డు చూడండి, గుర్రాలున్న మట్టిలో ఆ భయం ఎక్కువ. తినిపించేటప్పుడు అరచేయి పలకలా చాచాలి, వేళ్ళు ముడవకూడదు. బిస్కెట్లు, బ్రెడ్డు, మొక్కజొన్న పొత్తులు వద్దే వద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది పడకపోతే కడుపు శూలతో పొర్లి పొర్లి చచ్చిపోతుంది. బీచ్‌లో జనం ముద్దుగా పెట్టే తిండే సగం శత్రువు.

వాల్తేరు నడక గారూ, మీరు చూసింది నిజం. కానీ ఉన్నట్టుండి మాన్పిస్తే ఆ పిల్లకు ఇంకొక మనిషి చెప్పకుండా పోయినట్టే. అంతకన్నా, ఈ ఆదివారం ఒక బక్కెట్టు మంచినీళ్ళు పట్టుకెళ్ళమనండి. ఆ అబ్బాయితో గొడవ పడితే రేపటి నుంచి గుర్రాన్ని చూడనివ్వడు. రౌతు కొద్దీ గుర్రం అంటారు. ఆ రౌతు బతుకు కూడా బేరం కొద్దీ.

మా తోటకు రావాలనుకుంటే సందేశం పంపండి. రుసుము లేదు. ఒక పూటకు ఒక్క పిల్లే. మీరు చదివిన ఆ ఒరెగాన్ వాళ్ళ పద్ధతి కూడా అదే అని విన్నాను: ఒక పిల్ల, ఒక గుర్రం, తోడుగా ఒక పెద్ద.

ఫిజియో అక్క

పిల్లల ఫిజియోథెరపీ చేస్తాను, కాబట్టి ఒక గీత గీసి వెళ్తాను. గుర్రంతో చికిత్స అనే పేరు కింద రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నాయి.

మొదటిది ఒంటికి సంబంధించింది. హిప్పోథెరపీ అంటారు, గ్రీకులో హిప్పోస్ అంటే గుర్రం. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కాస్త మెలి తిరుగుతూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుము కదిలే తీరుకు అది చాలా దగ్గర. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు స్వాధీనంలో లేకపోవడం) ఉన్న, సొంతంగా నడవలేని పిల్లను కూర్చోబెడితే నడక ఎలా ఉంటుందో ఆ నడుముకు తెలుస్తుంది. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ అనే ఆమెకు పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు పనిచేయలేదు. గుర్రం ఎక్కించడానికీ దించడానికీ మనిషి సాయం కావాలి. ఆమె 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో జూబిలీ అనే గుర్రం మీద రజతం గెలిచింది, 1956లో మళ్ళీ. ఆ తరవాతే ఈ ఆలోచన దేశదేశాలకు పాకింది. బ్రిటన్, అమెరికాల్లో ఇందుకోసం జాతీయ సంఘాలు ఏర్పడింది 1969లో.

రెండోది మనసుకు సంబంధించింది, మీరు అడిగింది. ఇక్కడ గుర్రం ఎక్కడం అవసరం లేదు. గుర్రాలు మన ముఖం చదువుతాయనడానికి ఆధారం ఉంది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు కోపంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపిస్తే గుర్రాల గుండె వేగం తొందరగా పెరిగింది. అయితే నాన్న పోయిన పిల్ల దుఃఖానికి గుర్రమే మందు అనేంత గట్టి రుజువు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. తోడు, అంతే. తోడు చిన్న విషయమని నేను అనడం లేదు.

ఎనిమిది నెలలుగా నిద్ర లేకపోవడం నాకు నచ్చలేదు. ముందు పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోలేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను టెలీ మానస్ 14416కు చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. పాప ఎప్పుడైనా "నేనూ నాన్న దగ్గరికి పోతాను" లాంటి మాట అంటే ఆదివారం దాకా ఆగకండి, ఆ పూటే వెళ్ళండి. గుర్రం దీనికి అదనం, బదులు కాదు.

గాజువాక నాన్న

పెద్దలు కోప్పడకండి, ఒక సందేహం. ఇంత దూరం గుర్రాల కోసం పోవడం ఎందుకు? ఒక వీధికుక్క పిల్లను తెచ్చి ఇంట్లో పెంచితే సరిపోదా? అది కూడా ప్రేమే కదా. ఖర్చు కూడా తక్కువ.

పాత కాంపౌండరు

బాబూ, కుక్కను నేనూ పెంచుతున్నాను, రెండు. సరిపోయే పిల్లలకు సరిపోతుంది. కానీ తేడా ఉంది. కుక్క మనల్ని ముందే క్షమించేసి ఉంటుంది. తిట్టినా తోక ఊపుకుంటూ వస్తుంది. గుర్రం అలా కాదు, లెక్క చూసుకుంటుంది. మీరు లోపల కుతకుతలాడుతూ పైకి నవ్వుతూ వెళ్ళారనుకోండి, మా గౌరి రెండడుగులు వెనక్కి వేస్తుంది. నామీదే వేసింది, పింఛను కాగితాల పని మీద ఒక ఆఫీసుకు తిరిగి తిరిగి వచ్చిన రోజున. బావి గట్టు మీద అరగంట కూర్చుని, కోపంగా ఉన్నానని నాకు నేను ఒప్పుకున్నాకే దగ్గరికి రానిచ్చింది.

దెబ్బతిన్న పిల్లలకు "బాగున్నాను" అని నటించడం బాగా వచ్చు. పెద్దవాళ్ళం నమ్మేస్తాం, నమ్మితే మనకూ సుఖం. అది నమ్మదు. పైగా నాలుగు వందల కిలోల జీవం. అలాంటిది తనంతట తాను తల దించి, ఆ పిల్ల అరచేతిలోకి ఊపిరి వదిలిందంటే, ఆ గౌరవం పిల్ల సంపాదించుకున్నది. ఎవరూ జాలిపడి ఇచ్చింది కాదు.

ఎంవీపీ అత్త

ఏడు వారాల తరవాత రాస్తున్నాను. జవాబులు ఇచ్చిన అందరికీ నమస్కారాలు.

ముందు ఫిజియో అక్క గారికి. డాక్టరుకు చూపించాం. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాం. ఆవిడ బొమ్మలు గీయిస్తారు, వదినతో విడిగా మాట్లాడతారు. అన్నయ్య గురించి ఇంట్లో ఎవరూ ఎత్తకుండా ఉండడమే పెద్ద పొరపాటు అన్నారు. పాప ముందు ఏడవకూడదని మేమందరం వంతులు వేసుకుని బాత్రూములో ఏడ్చేవాళ్ళం. పాపకు అదంతా తెలుసట.

బాబాయి గారి తోటకు ఆరు ఆదివారాలు వెళ్ళాం. భీమిలి బస్సులో రుషికొండ దాటాక కిటికీ వైపు సీటు కోసం మా వాడు, పాప ఇద్దరూ... అది తరవాత చెబుతాను.

మొదటి రోజు గౌరి ఎడమవైపు నుంచి గడ్డి వేయమన్నారు బాబాయి గారు. మాట్లాడుతూ వెళ్ళాలమ్మా అన్నారు. పాపకు ఏం మాట్లాడాలో తెలియలేదు. చాలాసేపు గడ్డి కట్ట పట్టుకుని నిలబడింది. ఆఖరికి తొమ్మిదో ఎక్కం మొదలుపెట్టింది. తొమ్మిదొకట్ల తొమ్మిది, తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది అంటూ ఒక్కో అంకెకు ఒక్కో అడుగు. గుర్రం చెవి ఒకటి ఇటు తిరిగింది. తొమ్మిది ఏడుల దగ్గర తప్పు చెప్పింది, మా వాడు వెనక నుంచి అరవై మూడు అని అరవబోతే బాబాయి గారు వాడి నోరు మూశారు. ఇప్పటికీ ఎక్కమే. పదమూడో ఎక్కం దాకా వచ్చింది. లెక్కల పరీక్షకు మాత్రం మంచిదే.

నిద్ర పూర్తిగా రాలేదు. వారంలో మూడు నాలుగు రాత్రులు వస్తోంది. రానప్పుడు ఇదివరకటిలా కళ్ళు మూసుకుని పడుకోవడం లేదు, నన్ను లేపుతుంది. నాలుగో వారం రాత్రి రెండింటికి లేపి, "అత్తా, గౌరి ఇప్పుడు పడుకుని ఉంటుందా, నిలబడి ఉంటుందా?" అని అడిగింది. పొద్దున్న తాతగారికి ఫోను చేసి అడుగుదాం అన్నాను. ఆరు గంటలకల్లా చెప్పులు వేసుకుని ఫోను దగ్గర నిలబడింది. బాబాయి గారు టార్చి తీసుకెళ్ళి చూసి, "ఎడమ పక్కంతా ఎర్రగా ఉందమ్మా" అన్నారు. ఇప్పుడిది రోజూ జరిగే తతంగం. ఆయన నిద్ర పాడుచేస్తున్నందుకు క్షమించమని ఇక్కడే అడుగుతున్నాను.

వదిన ఐదో వారం వచ్చింది. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా. గౌరి దవడ కింద వేళ్ళు పెట్టి నిమిషం లెక్కపెట్టి ముప్ఫై ఎనిమిది అంది. "కాదు అమ్మా, ముప్ఫై ఆరే. నువ్వు తొందరపడ్డావు, మళ్ళీ చూడు" అని పాప వదిన చెయ్యి తీసి సరిగ్గా పెట్టింది. మళ్ళీ లెక్కపెట్టారు. మూడోసారి కూడా. నేను పిల్లవాణ్ణి తీసుకుని బావి వైపు వెళ్ళిపోయాను.

బీచ్ గుర్రాన్ని వదలలేదు. ఆదివారం తోట, శనివారం బీచ్. బక్కెట్టు మేమే మోస్తున్నాం. గుర్రపు అబ్బాయి మొదటి రోజు విచిత్రంగా చూశాడు, రెండో వారం నుంచి మేం వచ్చేసరికి గుర్రాన్ని నీడలోకి తెచ్చి కడుతున్నాడు. వీపు మీది ఒరిపిడి చూపించి దీనికి మందు ఏదైనా ఉందా అని తనే అడిగాడు. బాబాయి గారు వచ్చి చూసి మందు ఇచ్చి వెళ్ళారు. వాల్తేరు నడక గారూ, నిన్న దాని మీద ఈగ వాలితే చర్మం అదిరింది. నేను చూశాను. మీరూ ఒకసారి చూసి చెప్పండి, నేను ఆశకొద్దీ అనుకుంటున్నానేమో.

ఇక బస్సు సంగతి. పోయిన వారం కిటికీ సీటు కోసం పాప వాళ్ళ బావ చెయ్యి కొరికింది. పళ్ళ గుర్తులు పడ్డాయి. బస్సంతా మా వైపు చూసింది. నేను తిట్టాలో నవ్వాలో తెలియక ఇద్దరినీ లేపి నేనే కిటికీ దగ్గర కూర్చున్నాను. మొన్న గురువారం బడి నుంచి ఫోను: పక్కపిల్లకు రబ్బరు ఇవ్వనందట, అడిగితే టీచరుకు ఎదురు చెప్పిందట, ఈ మధ్య బొత్తిగా మాట వినడం లేదట, కాస్త చెప్పి పంపమన్నారు. సరేనండీ, తప్పకుండా చెబుతాం అన్నాను. సాయంత్రం మావారు అర కిలో మైసూరుపాకు తెచ్చారు. ఎందుకు తెచ్చారని మా అత్తగారు రెండుసార్లు అడిగారు.

బాబాయి గారూ, ఈ ఆదివారం గౌరికి తన చేత్తో ఉలవలు పెడతానంటోంది. ఒక కిలో కొన్నాం. నానబెట్టి తేవాలా, ఉడకబెట్టి తేవాలా?

పాత కాంపౌండరు

ఉడకబెట్టండమ్మా. వేలితో నలిపితే నలగాలి. ఉప్పు వేయకండి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. కిలో మొత్తం ఒకేసారి కాదు, రెండు గుప్పెళ్ళు చాలు. మిగిలిన ఉలవలతో, ఆ ఉడికిన నీళ్ళతో మీరు చారు కాచుకోండి. పాపకు చెప్పండి, గౌరి ఈ పూట కుడివైపు పడుకుంది.